ఓదార్చువానికిని కనికరము కావలెను

చదువవలసిన భాగములు: యోబు 2:11-13, 1 రాజులు 19:1-8



కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక తల్లి, చేతికి అందివచ్చిన కుమారుని చెరువులో పోగొట్టుకొనెను. కబురు వినగానే బైబిలు చంకను పెట్టుకొని పోయితిని. ఆమె గడపప్రక్కను నేలమీద కూర్చుండియుండెను. ఏడ్పు కూడ రాలేదు. ఆ మౌనమును నేను ఓర్వలేకపోతిని. దేవుని చిత్తమనియు, పరలోకమందు కలిసికొందుమనియు అరగంట ప్రసంగించితిని. అంతయు విని ఆమె, "అయ్యగారూ, వాడు పొద్దున చద్దన్నం తిని వెళ్లాడండి" అని మాత్రము అనెను. దానికి నాయొద్ద జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చితిని.

ఆ రాత్రి నన్ను నేను ఎంత నిందించుకొంటినో చెప్పలేను. ఇందుకేనా సెమినరీలో చదివినది అనుకొంటిని. ఆ నిందవలన కలిగిన ఫలమేమి? మూడు వారములు ఆ వీధి ముఖము చూడలేదు. చుట్టు తిరిగి గుడికి పోవుచుంటిని. ఆమెకు నా అవసరము ఎక్కువగా ఉన్న దినములలోనే నా సిగ్గు నన్ను ఆమెకు దూరము చేసెను. ఇది వ్రాయుట ఇప్పటికిని నాకు సులభము కాదు.

యోబు స్నేహితులను మనము తరచుగా తప్పుపట్టుదుము. అయితే ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ఆ ముగ్గురు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిరి. యోబు బాధ వారిని కలవరపెట్టగా, ఆ కలవరమును అణచుకొనుటకే వారు వాదించిరని నాకు తోచుచున్నది. నేను చేసినదియు అదే.

ఇక ఏలీయాను చూడుడి. కర్మెలుమీద అంత జయము పొందినవాడు ఒక చెట్టుక్రింద కూర్చుండి మరణమడిగెను. దేవదూత అతని గద్దింపలేదు. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్లను చూపి తినుమనెను. అతడు మరల పండుకొనగా రెండవసారి లేపి, ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పెను. హోరేబులో దేవుడు అతనితో మాటలాడినది అటుతరువాతనే.

ఈ సంగతిని మన కాలమున బాగుగా ఎరిగిన పాదిరి ఒకరుండిరి. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనునాయన 1920లో తానే మతి చలించి ఆసుపత్రిపాలాయెను. కోలుకొని, 1924లో వూస్టరు పట్టణములోని మానసిక వైద్యశాలకే చాప్లెనుగా వెళ్లెను. మరుసటి యేట వేదాంత విద్యార్థులను అక్కడికి పిలిపించి, పుస్తకములను చదువునట్లే రోగుల బ్రదుకులను శ్రద్ధగా చదువుడని నేర్పెను. తన జబ్బును ఆయన దాచుకొనలేదు. ఇప్పుడు ఆసుపత్రులలో చాప్లెనులకిచ్చు శిక్షణకు అది ఒక మొదలు.

నేడు మనోవ్యథలకు మాటలద్వారా చికిత్సచేయు కౌన్సెలర్లకును ఇదే పాఠము చెప్పబడుచున్నది. టెక్సాసు విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్టిన్ నెఫ్ అను పండితురాలు 2003లో, తనయెడల తాను చూపుకొను కనికరమును మూడు భాగములుగా వివరించెను. తప్పినప్పుడు స్నేహితునితో మాటలాడినట్లు తనతో తాను మాటలాడుకొనుట ఒకటి. తప్పిపోవుట మనుష్యులందరికి కలుగునదే గాని నా ఒక్కనికే కాదని తెలిసికొనుట మరియొకటి. బాధను దాచక, పెంచక, ఉన్నదున్నట్లు చూచుట మూడవది.

ఇది స్వార్థము కాదా అని కొందరడుగుదురు. నేనును అట్లే అనుకొంటిని. గాని నా తప్పు తప్పే. కనికరము దానిని ఒప్పు చేయలేదు. పోయి ఒప్పుకొనుటకు కాళ్లకు బలమిచ్చెను, అంతే. నా సంగతి ఒక పెద్ద పాస్టరుగారితో చెప్పగా, ఆయన మందలింపక, "నాయనా, ముందు అన్నం తిను, తరువాత మాట్లాడుకుందాం" అనెను. రెండు పూటల తరువాత నాకు మంచి నిద్ర పట్టెను.

ఇంటింటికి వెళ్లు సంఘపెద్దలకును, బైబిలు స్త్రీలకును ఒక మాట. దుఃఖించువారియొద్ద మాట తోచనప్పుడు మీ పాదములు నేలను తాకుటను గమనించి, మెల్లగా ఊపిరి తీసికొనుడి. "ఏం చెప్పాలో తెలియడం లేదమ్మా" అనుట తప్పు కాదు. ఎవరైన చావును గూర్చి మాటలాడినయెడల వారిని ఒంటరిగా విడువకుడి, ఆసుపత్రికి తీసికొనిపొండి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేయవచ్చును. అన్ని భారములు మీరొక్కరే మోయనక్కరలేదు.

ఆ తల్లి ఇంటికి మరల వెళ్లితిని. ఈసారి బైబిలు తెరువలేదు. "అమ్మా, ఆనాడు ఎక్కువ మాట్లాడాను, క్షమించండి" అంటిని. ఆమె పీట జరిపి, చేటలోని కందులు ఏరుచు, వాని చిన్ననాటి సంగతులు చెప్పనారంభించెను. పొద్దు వాలువరకు వినుచుంటిని.