చేతి తొడుగు, వుజూ: చికిత్సా వదలవద్దు, నమాజూ వదలవద్దు

నల్లగండ్లలో నివసించే ఒక కుటుంబంవారు మమ్మల్ని ఒక మస్అలా అడిగారు. ఇంటి పెద్దావిడకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. కొన్ని నెలలకు ఆ వైపు చేయి వాచింది. పగలంతా బిగుతైన తొడుగు వేసుకోవాలని డాక్టరు చెప్పారు. వుజూ కోసం దాన్ని మాటిమాటికీ తీయడం, తడి చేతికి మళ్ళీ ఎక్కించడం ఆమెకు కష్టమైంది. చివరికి తొడుగును బీరువాలో పెట్టేశారు. “చేయి ఏమైనా కానీ, నా వుజూ చెడకూడదు” అన్నది ఆమె మాట. ఆమె భక్తిని మేము గౌరవిస్తాం. కాని ధర్మం ఆమెను ఈ కష్టం కోరలేదు.

ఈ వాపు ఏమిటి?

మన శరీరంలో రక్తంతో పాటు లింఫ్ అనే ద్రవం కూడా ప్రవహిస్తుంది. చేతిలోని ఆ ద్రవం చంకలోని గ్రంథుల ద్వారా తిరిగి రక్తంలో కలుస్తుంది. క్యాన్సర్ ఆపరేషన్‌లో ఆ గ్రంథులను తీసివేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా దారి మూసుకుపోయి చేతిలో నీరు నిలవవచ్చు. దీన్నే లింఫెడెమా అంటారు. ఇది ఆపరేషన్ అయిన కొన్నేళ్ళకు కూడా రావచ్చు. పూర్తిగా పోవడం కష్టం గాని, అదుపులో ఉంచవచ్చు. తొడుగు బయటి నుండి ఒత్తిడి కలిగించి నీరు చేరకుండా ఆపుతుంది. మానేస్తే వాపు పెరిగి, కాలక్రమంలో చర్మం గట్టిపడుతుంది.

షరీఅత్ ఇచ్చిన సౌలభ్యం

వుజూలో మోచేతులతో సహా చేతులు కడగడం ఫర్జ్. తొడుగును తీయడం వల్ల హాని లేకపోతే తీసి కడగాలి. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ప్రయాణంలో ఇరుకు చేతుల జుబ్బా ధరించి ఉన్నారు. చేతులు పైకి మడవడం వీలుకాలేదు. ఆయన జుబ్బా లోపలి నుండి చేతులు బయటకు తీసి కడుక్కున్నారని హజ్రత్ ముగీరా (రజి) ఉల్లేఖనంలో ఉంది. కనుక మామూలు బట్ట మీద తడిచేయి నిమరడం చాలదు.

కాని గాయం కట్టు, విరిగిన ఎముక కట్టు విషయం వేరు. దీన్ని జబీరా అంటారు. విప్పితే హాని కలుగుతుందన్నా, విప్పాక తిరిగి కట్టుకునే వీలు లేకపోయినా దానిపై మసహ్ చేయవచ్చని హనఫీ ఫిఖా చెబుతుంది. లింఫెడెమాకు మొదట్లో చేతికి పొరలు పొరలుగా కట్లు చుట్టే చికిత్స ఒకటుంది. రోజుకు ఐదుసార్లు విప్పితే ఆ చికిత్సే వ్యర్థం. అప్పుడు తడిచేతితో కట్టుపై ఎక్కువ భాగం ఒకసారి నిమిరితే చాలు. మిగతా అవయవాలు మామూలుగా కడుక్కోవాలి. మేజోళ్ళ మసహ్‌కు ఉన్నట్లు దీనికి గడువు లేదు. తొడుగు కూడా తీయకూడదని నమ్మకమైన నిపుణుడైన డాక్టరు చెబితే, లేదా తిరిగి తొడిగేవారు ఎవరూ లేకపోతే, ఇదే ఆదేశం వర్తిస్తుంది.

తల గాయంతో ఉన్న ఒక సహాబీని తోటివారు తెలియక గుస్ల్ చేయించగా ఆయన మరణించారు. ఆ సంగతి విని దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవాలని బోధించారు.

ఆచరణ ఇలా

తొడుగును సాధారణంగా పగలు వేసుకుని రాత్రి తీసేస్తారు. కనుక ఫజ్ర్ వుజూ చేసి, చేయి పూర్తిగా తుడిచి ఆరాక తొడుక్కోండి. ఉదయం వాపు తక్కువగా ఉంటుంది, తేలికగా ఎక్కుతుంది. ఇషా వుజూకు ముందు తీసేయవచ్చు. మిగిలినవి జుహ్ర్, అస్ర్, మగ్రిబ్ మాత్రమే. వుజూ నిలిచి ఉంటే మళ్ళీ చేయనక్కరలేదు. మక్కా విజయం రోజున (హిజ్రీ 8) మహాప్రవక్త (స) అనేక నమాజులను ఒకే వుజూతో చేశారు. వుజూ పోయినప్పుడు తొడుగు తీసి, కడిగి, తుడిచి తిరిగి తొడగండి. ఒకసారి కడిగినా ఫర్జ్ నెరవేరుతుంది. భర్త గాని, కూతురు గాని సాయం చేస్తే అదీ పుణ్యమే.

మరికొన్ని జాగ్రత్తలు

తొడుగును కొలతలు తీయించి తీసుకోవాలి. పక్కింటివారిది వేసుకోకూడదు. పై అంచు మడిస్తే అక్కడే బిగుసుకుంటుంది. రెండు ఉంటే ఒకటి ఉతికి నీడలో ఆరేసుకోవచ్చు. సుమారు ఆరు నెలలకు సాగే గుణం తగ్గుతుంది, మార్చాలి. వంటింట్లో కోతలు, కాలిన గాయాలు తగలకుండా చూసుకోండి. ఆ చేతికి హిజామా చేయించవద్దు. చర్మం కోస్తే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు డాక్టరును కలవండి. వ్యాయామాలు ఫిజియోథెరపిస్టును అడిగి చేయండి.

క్యాన్సర్ చికిత్స నల్లగండ్లలోనే దొరుకుతోంది. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. ఆపరేషన్‌కు ఖర్చు చేసే కుటుంబాలు, తర్వాత ఒక తొడుగుకు వెనుకాడకూడదు. సిగ్గుతో చేతిని దాచుకునే తల్లిని, అక్కను, భార్యను మనమే అడగాలి.

చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధనే. బీరువాలోని ఆ తొడుగును బయటకు తీయండి సోదరీ! మీ వుజూ చెడదు. అల్లాహ్ వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.