కొత్తగా తెచ్చిన పెరటి పెట్ట: బరువు, ఆరోగ్యం అంచనా వేసే విధానం

రామసముద్రం మండలంలో వేరుశనగ, రాగి, టమాట సాగు చేసే కుటుంబాల పెరట్లో నాలుగైదు నాటుకోళ్లు ఉండడం సర్వసాధారణం. పంట చేతికి రాని నెలల్లో ఈ కోళ్ల గుడ్లు పిల్లలకు పోషకాహారమవుతాయి. అవసరం వచ్చినప్పుడు కోడిని అమ్మితే చేతికి నగదు వస్తుంది. ఆ నగదు చాలావరకు ఇంటి మహిళ చేతిలోనే ఉంటుంది. మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నందున మదనపల్లె, పుంగనూరు వైపు నుండే కాక సరిహద్దు అవతలి గ్రామాల నుండి కూడా ఇక్కడికి కోళ్లు వస్తుంటాయి.

క్షేత్ర పర్యటనల్లో మహిళా రైతులు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "సంతలో కొన్న పెట్ట బాగానే ఉంది సార్, ఇంట్లో ఉన్న పాత కోళ్లే చచ్చిపోయినాయి." వింతగా తోచినా దీనికి శాస్త్రీయ కారణం ఉంది. టీకా వల్ల గాని, పూర్వం వ్యాధి సోకి కోలుకోవడం వల్ల గాని కొంత రోగనిరోధక శక్తి ఉన్న కోడికి కొక్కెర తెగులు వైరస్ సోకినా అది పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. అయినా రెట్ట ద్వారా, శ్వాస ద్వారా వైరస్‌ను వెదజల్లుతుంది. టీకా పొందని పాత కోళ్లు దానికి బలి అవుతాయి. అందువల్ల కొన్న రోజున ఒక్క చూపుతో కోడి మంచిచెడ్డలు తేల్చరాదు. కాటా, చేతి పరీక్ష, మూడు వారాల ఎడం కలిస్తేనే అంచనా పూర్తవుతుంది. మొలక పరీక్ష చేయని విత్తనాన్ని పొలంలో వేయరాదని చెప్పే నియమమే ఇక్కడా వర్తిస్తుంది.

బరువు తూచడం

చేత్తో ఎత్తి చెప్పే బరువు నమ్మదగినది కాదు. ఈకలు గుబురుగా ఉన్న కోడి అసలు బరువు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అమ్మకానికి ముందు గింజలు దండిగా తినిపించడం కూడా కద్దు. మేత సంచి నిండుగా ఉంటే మేత, నీరు కలిసి సుమారు వంద గ్రాముల వరకు తేడా రావచ్చు. పెట్టబోయే గుడ్డు కడుపులో ఉంటే మరో 50 గ్రాములు అదనం. కావున ఉదయం మేత వేయకముందు, మెడ కింది మేత సంచి ఖాళీగా ఉన్నప్పుడు తూచాలి. ముందు ఖాళీ గంపను వేలాడే కాటాకు తగిలించి బరువు చూడాలి. తర్వాత కోడిని గంపలో ఉంచి, పైన గుడ్డ కప్పి తూచి, గంప బరువు తీసివేయాలి. చీకటిగా ఉంటే కోడి బెదరదు.

కోడిని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయరాదు. పక్షులకు మనకున్నట్లు ఉదరవితానం లేదు. తలకిందులైనప్పుడు లోపలి అవయవాల భారం గాలి సంచులపై పడి శ్వాసకు ఆటంకమవుతుంది. రెక్కలు రెండూ శరీరానికి అదిమి, రొమ్ము కింద అరచేయి ఉంచి పట్టుకోవాలి.

తూచిన బరువును జాతితో పోల్చాలి. ఎదిగిన నాటు పెట్ట సాధారణంగా 1.2 నుండి 1.5 కిలోలు ఉంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ పెట్ట ఆరు నెలల వయసులో సుమారు 1.6 నుండి 1.8 కిలోలు, వనరాజ పెట్ట సుమారు 2 కిలోలు తూగుతాయి. అసీల్ పెట్ట, బెంగళూరు పశువైద్య కళాశాల నుండి వచ్చిన గిరిరాజ పెట్ట ఇంకా బరువైనవి. 1.5 కిలోలు తూగిన పెట్ట నాటుదైతే పుష్టిగా ఉన్నట్లు. అదే బరువుతో గిరిరాజ పెట్ట ఉంటే చిక్కినట్లే. జాతి తెలియని సంకర కోడికి ఈ పోలిక చాలదు. అప్పుడు చేతి పరీక్షే ఆధారం.

రొమ్ము ఎముక పరీక్ష

కోడి ఎంత బరువుందో కాటా చెబుతుంది. ఆ బరువు ఎక్కడ ఉందో చేయి చెబుతుంది. రొమ్ము మధ్యలో నిలువుగా ఉండే ఎముక వెంట వేళ్లు జరిపి, దాని ఇరువైపులా కండను తడిమి ఈ విధంగా గుర్తులు ఇవ్వవచ్చు.

0: ఎముక కత్తి అంచులా తగులుతుంది, ఇరుపక్కలా గుంటలు ఉంటాయి. కోడి బాగా చిక్కిపోయింది.
1: అంచు స్పష్టంగా తెలుస్తుంది, కండ చదునుగా ఉంటుంది.
2: కండ గుండ్రంగా నిండి ఉంటుంది, అంచు కొద్దిగా మాత్రమే తెలుస్తుంది.
3: కండలో ఎముక అంచు దాదాపు దొరకదు.

గుడ్లు పెట్టే పెట్టకు 1 లేదా 2 సంతృప్తికరం. కాటా మంచి బరువు చూపినా రొమ్ము 0 స్థాయిలో ఉంటే ప్రత్యేక జాగ్రత్త అవసరం. కడుపులో నీరు చేరినా, గుడ్డు సొన ఉదరంలోకి జారి వాపు వచ్చినా బరువు తగ్గకుండానే కోడి చిక్కిపోతుంది. కాళ్ల మధ్య ఉదరం నీటి తిత్తిలా మెత్తగా ఉబ్బి ఉంటే అటువంటి పెట్టను కొనకపోవడమే మేలు.

తల నుండి కాలి వరకు

కళ్లు తేటగా, పూర్తిగా తెరుచుకొని ఉండాలి. కంటిలో నురుగు, ముక్కు నుండి స్రావం, ఊపిరిలో గురగుర శబ్దం శ్వాసకోశ వ్యాధి లక్షణాలు. ఎండ వేళ నోరు తెరిచి రొప్పడం సహజమే. చల్లని ఉదయం పూట రొప్పితే అనుమానించాలి. కోడి సాధారణ శరీర ఉష్ణోగ్రతే 41 నుండి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. కావున చేతికి వేడిగా తగిలినంత మాత్రాన జ్వరమని భావించరాదు. తురాయి, తమ్మెలు నీలంగా మారితే ప్రమాదం. పాలిపోతే రక్తహీనత, పేలు, గోమార్లు లేదా నులిపురుగులు కారణం కావచ్చు. వాటిపై ఎండిన పొక్కులు మశూచికి గుర్తు.

రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి చూడాలి. ఈకల మొదళ్లలో తెల్లని గుత్తులు పేల గుడ్లు. గోమార్ల విషయం వేరు. పెద్ద గోమార్లు పగలు గూటి పగుళ్లలో దాగి రాత్రి రక్తం పీలుస్తాయి. వాటి పిల్లలు మాత్రం కొన్ని రోజులు కోడి ఒంటినే అంటిపెట్టుకొని ఉంటాయి. కొత్త కోడి ద్వారా అవి మన గూటికి చేరేది ఈ దశలోనే. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే అది సూక్ష్మమైన కాలి పురుగు వల్ల వచ్చే గజ్జి.

రెట్ట గట్టిగా, పైన తెల్లని పూతతో ఉండడం ఆరోగ్య లక్షణం. రోజుకు ఒకటి రెండుసార్లు గోధుమరంగులో ముద్దగా పడే రెట్ట కూడా సహజమే. ఆకుపచ్చని పలుచని విరేచనాలు కొక్కెర తెగులులోను, రక్తంతో కూడినవి రక్తపారుడు వ్యాధిలోను కనిపిస్తాయి.

పెట్ట గుడ్ల దశలో ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి మలద్వారానికి ఇరువైపులా ఉన్న కటి ఎముకల మధ్య దూరం చూడాలి. రెండు వేళ్లు లేదా అంతకు మించి పట్టి, మలద్వారం వెడల్పుగా తేమగా ఉంటే గుడ్లు పెడుతున్నట్లు. ఒక్క వేలే పట్టి, పొడిగా ఉంటే పెట్టడం లేదు.

మూడు వారాల ఎడం

కొక్కెర తెగులు బయటపడడానికి సాధారణంగా ఐదారు రోజులు పడుతుంది. కొన్నిసార్లు రెండు వారాలు దాటవచ్చు. అందువల్ల కొత్త కోడిని 21 రోజులు పాత కోళ్లకు దూరంగా, వేరే గూటిలో, వేరే నీటి పాత్రతో ఉంచాలి. పాత కోళ్ల పనులన్నీ ముగిశాకే దాని వద్దకు వెళ్లి, వచ్చిన తర్వాత చేతులు, చెప్పులు కడుక్కోవాలి. ఇంతకుముందు చెప్పినట్లు పైకి లక్షణాలు చూపని కోడీ ఉంటుంది. కావున ఈ గడువులోనే పశువైద్యుని సలహాతో పాత కోళ్లకు టీకా వేయించడం అసలైన రక్షణ. కొత్త కోడికి నులిపురుగుల మందు, టీకా ప్రయాణ బడలిక తీరి, ఆరోగ్యం కుదుటపడిన తర్వాతే ఇవ్వాలి.

1, 7, 14, 21 రోజుల్లో అదే కాటాతో అదే వేళకు తూచి బరువును, రొమ్ము గుర్తును గోడ క్యాలెండరుపై రాయాలి. ఉదాహరణకు, రెండు పెట్టలు మొదటి రోజు 1,540 గ్రాములే ఉన్నాయనుకుందాం. ఒకటి ఏడవ రోజుకు 1,500కు తగ్గి, 14వ రోజుకు 1,580, 21వ రోజుకు 1,620కి చేరింది. ఆ తొలి తగ్గుదల ప్రయాణం, చోటు మార్పు వల్ల కలిగినది. రెండవది 1,450కి, 14వ రోజుకు 1,370కి పడిపోయింది. పదకొండు శాతం తరుగు ఇది. మేత తింటున్నా ఇలా తగ్గుతుంటే లోపల వ్యాధి ఉన్నట్లే. మొదటి రోజు ఒకేలా కనిపించిన రెంటి మధ్య భేదం 14వ రోజు లెక్కలో తేలింది.

ఈ కాలంలో రాగులు, మొక్కజొన్న నూక, వంటింటి మిగులు, ఆకుకూరలు మేతగా సరిపోతాయి. వేరుశనగ చెక్క మంచి మాంసకృత్తుల వనరే. అయితే బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ ఏర్పడి కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అటువంటి చెక్క చవకగా దొరికినా వాడరాదు. పురుగుమందు చల్లిన టమాట తోటలోకి కోళ్లను వదలరాదు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

మెడ వంకర తిరగడం, రెక్కలు కాళ్లు చచ్చుబడడం, తల వాచి నీలంగా మారడం, ఒకటి రెండు రోజుల్లో పలు కోళ్లు చనిపోవడం కనిపిస్తే వెంటనే పశువైద్యశాలకు లేదా రైతు సేవా కేంద్రానికి తెలపాలి. సంచార పశువైద్య సేవల సంఖ్య 1962. చనిపోయిన కోళ్లను ఉత్త చేతులతో తాకరాదు, కోసి వండరాదు, మిగిలినవాటిని సంతకు తరలించరాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి విదితమే. లక్షణాలను బట్టి కొక్కెర తెగులును, బర్డ్ ఫ్లూను వేరుచేయడం సాధ్యం కాదు. ప్రయోగశాల పరీక్షే నిర్ధారిస్తుంది.

ఈ విధానానికి కావలసినవి ఒక కాటా, ఒక గంప, వేరుగా ఒక గూడు. కొత్త పెట్ట ధర కొన్ని వందల రూపాయలే. అది పాత కోళ్లలో చేరిన రోజున పణంగా ఉండేది మాత్రం మొత్తం పెరటి మంద. 21 రోజులు ఆగి కలపడం వల్ల మహిళా రైతు కోల్పోయేది ఏమీ లేదు.