మగ్గపుటింటి మూలలు

నేతవానికి ఇల్లు వేరు, పనిశాల వేరు అను భాగ్యము అరుదు. షోలాపురములోనైనను, కంచిలోనైనను, బరంపురములోనైనను, యానాములోనైనను మన పెక్కు కుటుంబములకు మగ్గమున్న గదియే పగలు పనిశాల, రాత్రి పడకగది. ఇంకొక గది వేయవలెనన్న స్థలము లేదు. స్థలమున్నచోట డబ్బు లేదు. కావున ఉన్న గదినే పూర్తిగా వాడుకొనుట మనకు నేర్వదగిన విద్య. ఆ గదిలో మనము ఎక్కువగా పాడుచేయుచున్నది నాలుగు మూలలను. వాటిని గురించి ఈ పాఠములో ముచ్చటింతుము.

మగ్గము గది నడుమనో, కిటికీ ప్రక్కనో అమరును. తలుపునకు దారి వదలవలెను. మిగిలినవి మూలలు. అక్కడికి మనము ఆలోచించి ఏ వస్తువును చేర్చము. చేతిలో ఉన్నదానికి చోటు దొరకనప్పుడు మూలకు నెట్టుదుము. విరిగిన నాడె, చిరిగిన గోతము, పాత పన్నె, రంగు డబ్బా, పిల్లవాని సైకిలు, అన్నియు అక్కడనే. తుదకు కండెలు చుట్టు తల్లియో, ఇల్లాలో రాట్నముతో సహా ఒక చీకటి మూలకు చేరును. ఈ చివరి మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తిరిగి దానికే వత్తుము.

1. ముందు కొలత

పని కొలతతో మొదలుపెట్టుదము. పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గది నేల 120 చదరపుటడుగులు. ఒక్కొక్క మూలలో రెండడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు తీసికొన్నచో నాలుగు మూలలు కలిసి 16 చదరపుటడుగులు. అనగా నేలలో ఎనిమిదవ వంతుకు మించియే ఉన్నది. నేల ఒక్కటే ఇంత. గోడ వెంబడి పైకి పోయినచో ఇంకను పెరుగును.

మూలకు తగినది ముక్కోణపు బల్ల. గోడల వెంబడి రెండేసి అడుగులు ఉండునట్లు కోసిన బల్లకు ముందంచు ఇంచుమించు 34 అంగుళములు వచ్చును; వైశాల్యము రెండు చదరపుటడుగులు. అట్టివి నాలుగు అంతరువులు వేసినచో ఎనిమిది చదరపుటడుగుల చోటు దొరకును. స్థలము మరీ ఇరుకైనచో గోడల వెంబడి 18 అంగుళములు చాలును. అప్పుడు ముందంచు ఇరువదియైదున్నర అంగుళములగును. చదరపు బల్ల కన్న ముక్కోణపు బల్ల మేలు. దాని ముందంచు దారికి అడ్డురాదు, మోకాలికి తగులదు.

వడ్రంగికి చెప్పుటకు ముందు మూల సరిగా ఉన్నదో లేదో చూడవలెను. ఒక గోడ వెంబడి మూడడుగులకు, రెండవ గోడ వెంబడి నాలుగడుగులకు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల నడుమ దూరమును కొలువుడు. అది సరిగా ఐదడుగులైనచో మూల సరియైనది. పాత మట్టి గోడలకు, రాతి గోడలకు ఇది సాధారణముగా కుదరదు. అట్టిచోట అట్టముక్కను మూలలో పెట్టి దాని ఆకారమునకే కత్తిరించి, ఆ అట్టను వడ్రంగికి ఇచ్చినచో బల్ల వృథా కాదు. మట్టి గోడకు మేకులు కొట్టవద్దు. మూడు కాళ్లపై నిలుచు మూలబల్ల చేయించుడు. గోడకును బల్లకును నడుమ రెండంగుళములు వదలినచో గాలి ఆడును, చెదలు పట్టినచో కంటికి కనబడును.

2. చెమ్మ పరీక్ష

చెమ్మతో మన చుట్టరికము విచిత్రమైనది. మగ్గముపై ఉన్న నూలు పడుగుకు కొంత చెమ్మ మిత్రుడు. గాలి ఎండిపోయినచో పోగులు తెగును. గుంటమగ్గమును మన పెద్దలు విడువకుండుటకు ఇదియు ఒక కారణము. కాని నిలవయుంచిన నూలునకు అదే చెమ్మ శత్రువు. గంజి పెట్టిన పడుగు చెమ్మ తగిలినచో బూజు పట్టును. గంజిని తినుటకు వెండిచేప అను పురుగు వచ్చును. ఉక్కు పన్నెకు తుప్పు పట్టి ఆ మరక తెల్లని బట్టకు ఎక్కును. జకార్డు అట్టలు ఉబ్బి వంగును.

మూలలోనికి చెమ్మ ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. జానెడు చదరపు ప్లాస్టిక్ కాగితమును గోడకు ఆనించి నాలుగంచులు గాలి చొరకుండ అంటించి రెండు దినములు ఉంచుడు. కాగితము వెనుక, గోడవైపున, నీటి బిందువులు కనబడినచో చెమ్మ గోడనుండియే వచ్చుచున్నది. గదివైపున కనబడినచో గాలిలోనిది. గాలి చెమ్మకు కిటికీ తెరచుట, వస్తువులను ఎడముగా పెట్టుట చాలును. గోడ చెమ్మకు బయటి పూత, చూరు, కాలువ సరిచేయవలెను. లోపల ఎన్ని సున్నములు వేసినను ప్రయోజనము లేదు.

బరువులు నైరుతిలో, ఈశాన్యము తేలికగా అను వాడుక మన ఇండ్లలో కలదు. పాటించువారు పాటించవచ్చును. కాని చెమ్మ శాస్త్రము చూచి రాదు, వానను బట్టి వచ్చును. షోలాపురమువంటి చోట్ల ముఖ్యమైన వానలు నైరుతి ఋతుపవనములవి. పడమటి, దక్షిణపు గోడలను ముందుగా చూడవలెను. కంచి ప్రాంతమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు ముఖ్యము; అక్కడ తూర్పు, ఉత్తరపు గోడలను చూడవలెను. బరంపురము వారికి తుఫానుల భయము అదనము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వారి సమీపమున గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. 2022 జూలైలో గోదావరి వరద యానాములో ఇండ్లలోనికి వచ్చినది. ఇట్టి చోట్ల మూలబల్ల అడుగు అంతరువును ఖాళీగా వదలి, నూలును ఛాతీ ఎత్తునకు పైన ఉంచుటయే తెలివి.

3. ఏ మూలకు ఏ వస్తువు

మగ్గమునకు దగ్గరి మూల: నేయునప్పుడు చేతికి కావలసినవి ఇక్కడ ఉండవలెను. కండెల బుట్ట, కత్తెర, అదనపు నాడె, అతుకుటకు పోగులు. గుంటమగ్గము వద్ద నేతగాడు నేలమట్టమున కూర్చుండును. కావున అతని చేయి అందు ఎత్తు నేలనుండి ఒక అడుగు మొదలు రెండున్నర అడుగుల వరకే. చట్రపు మగ్గమువారు రెండున్నర మొదలు నాలుగున్నర అడుగుల ఎత్తున పెట్టుకొనవచ్చును. ఈ భేదము తెలియక అన్ని బల్లలను ఒకే ఎత్తున కొట్టినచో ప్రతి కండెకును లేవవలసివచ్చును.

మిక్కిలి పొడి మూల: నూలు చిలపలు, పట్టు, జరీ, జకార్డు అట్టలు ఇక్కడ. జకార్డు అట్టలను కుప్పగా వేయక కర్రపై మడతలుగా వ్రేలాడదీయుడు. పన్నెను మాత్రము మూలలో నిలబెట్టకుడు. చీర వెడల్పు పన్నెను ఏటవాలుగా ఆనించినచో కొన్ని మాసములకు దాని నడుము వంగును; వంగిన పన్నెతో నేసిన బట్టలో చారలు పడును. నూనె తడి గుడ్డతో తుడిచి, కాగితము చుట్టి, గోడపై రెండు కొక్కెములమీద అడ్డముగా పెట్టవలెను. అల్లును దుమ్ము పడకుండ గుడ్డ కప్పి వ్రేలాడదీయవలెను.

తడి మూల: ప్రతి ఇంటిలో ఒక మూల తడియగుట తప్పదు. నీటి గోలెము, గంజి కుండ, కుంచె కడుగు చోటు అన్నియు ఒకే మూలకు, అదియు కాలువ వైపు మూలకు చేర్చినచో మిగిలిన మూడు మూలలు పొడిగా మిగులును. నాలుగు చోట్ల నాలుగు కుండలు పెట్టుకొని గదియంతయు చెమ్మయనుట మన చేతి పనియే.

తలుపు ప్రక్క మూల: చీపురు, గొడుగు, అమ్మకమునకు సిద్ధమైన బట్టల మూట. మరమగ్గములున్న ఇండ్లలో స్విచ్చి బోర్డు ఉన్న మూల ముందు ఏ వస్తువును ఉంచరాదు. ఆపద వేళ చేయి ఒక్క అడుగులో దానిని అందుకొనవలెను.

4. మూలకు చేర్చరానివి

మొదటిది మోటారు సైకిలు. వీధిలో ఉంచినచో దొంగల భయమని రాత్రి మగ్గపు గదిలోనికి తెచ్చువారు పెక్కుమంది. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోదు. నేలమీద ప్రాకి పల్లమునకు దిగును. మన గదిలో పల్లమెక్కడ? మగ్గపు గుంట. టాంకు మూతనుండియో, గొట్టమునుండియో పెట్రోలు కారుచున్నచో ఆవిరి గుంటలో నిలిచియుండును. ఉదయము గుంటలో కాళ్లు పెట్టి బీడీ వెలిగించినవాని గతి చెప్పనక్కరలేదు. గుంటమగ్గమున్న గదిలో పెట్రోలు బండి ఉండరాదు. విద్యుత్ బండి బ్యాటరీని నూలు ప్రక్కన పెట్టి రాత్రియంతయు ఛార్జి చేయుటయు తగదు.

రెండవది హైడ్రోస్. ఇంటిలో అద్దకము చేయువారు ఈ డబ్బాను తరచు నీటి గోలెము ప్రక్కనే పెట్టుదురు. చెమ్మ తగిలినచో ఇది తనంతట తానే వేడెక్కి అంటుకొనగలదు. మూత బిగించి, పొడిచోట, నూలుకు దూరముగా ఉంచవలెను. తడిచేతితో, తడి గరిటెతో తీయరాదు. కాస్టిక్ సోడాను తలకు పైన ఉంచరాదు, పిల్లలకు అందునట్లును ఉంచరాదు. పెట్టెకు తాళమే దానికి తగిన చోటు. బ్లీచింగు పౌడరును, యాసిడును ఒకే మూలలో ఉంచరాదు. రెండును కలిసినచో విషవాయువు పుట్టును.

మూడవది నూనె గుడ్డలు. అవిసెనూనె, వార్నీషు తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలకు విసిరినచో అవి లోలోపల వేడెక్కి నిప్పు పుట్టించును. వాడిన వెంటనే విప్పి ఆరుబయట ఆరవేయవలెను.

5. రాట్నమునకు మూల తగునా?

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తుము. దీపము నుండి దూరము రెండింతలైనచో వెలుతురు సగము కాదు, నాలుగవ వంతగును. మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. మగ్గముపై రెండడుగుల ఎత్తున వ్రేలాడు దీపము నేతగానికి చక్కగా చాలును. ఆరడుగుల దూరమున మూలలో కూర్చున్న ఆమెకు అందులో తొమ్మిదవ వంతే అందును. ఆ వెలుతురులో తెగిన పోగును వెదకి ముడివేయుట ఆమె పని. ముడి లావైనచో, కండె వదులైనచో నేతలో పోగు తెగును, బట్టలో తప్పు కనబడును, కూలి కోత పడును. అప్పుడు కండెను తిట్టుదుము, మూలను తిట్టము.

2019-20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణనలో నేతవారును అనుబంధ పనివారును కలిసి 35 లక్షలకు పైగా లెక్కకు వచ్చిరి. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలు. మన పరిశ్రమ ఎవరి చేతులమీద నిలిచియున్నదో ఈ అంకెయే చెప్పుచున్నది. అట్టి చేతులకు వెలుతురు లేని చోటు ఇచ్చుట ధర్మము కాదు, లాభమును కాదు.

"కిటికీ ప్రక్కన స్థలమెక్కడ?" అని అడుగుదురు. ఒకసారి చూడుడు. చాల ఇండ్లలో మగ్గము పోగా కిటికీ వెలుతురును అనుభవించుచున్నవి నూలు గోతము, బీరువా, టెలివిజను. నూలునకు వెలుతురు అక్కరలేదు సరికదా, ఎండ తగిలినచో కొన్ని రంగులు వెలియును. గోతము మూలబల్ల పైకి పోవలెను. ఆమె కిటికీ వద్దకు రావలెను. కిటికీ ఒక్కటే అయి, అదియు మగ్గమునకే సరిపోయినచో ఈ ఉపాయములు కలవు: రాట్నమునకు వేరు స్విచ్చితో ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము, కంటిలో పడకుండ చేతిమీద పడునట్లు. మూల గోడలకు ఏటేట తెల్లసున్నము. పెంకుటిల్లైనచో ఆమె నెత్తిపై రెండు గాజు పెంకులు. వీపునకు ఆనుకొనుటకు గోడ, క్రింద ఎత్తుపీట ఉన్నచో నడుము నొప్పి కొంత తగ్గును.

6. ఒక వారపు పని

మొదటి దినము నాలుగు మూలలను ఖాళీచేసి ఊడ్చుడు. రెండేండ్లుగా ముట్టని వస్తువును మరల లోనికి తేవద్దు. రెండవ దినము కొలిచి, చెమ్మ పరీక్షకు కాగితము అంటించుడు. నాల్గవ దినము కాగితమును చూచి ఏది పొడి మూలయో, ఏది తడి మూలయో నిర్ణయించుడు. ఐదవ దినము అట్టముక్క కత్తిరించి వడ్రంగికి ఇయ్యుడు. డబ్బు లేనిచో పాత దోనె, విరిగిన మగ్గపు కర్రలు మూలబల్ల కాళ్లకు చాలును. ఆరవ దినము రాట్నమును వెలుతురునకు మార్చుడు. ఏడవ దినము కండెలు చుట్టువారినే కూర్చుండబెట్టి చోటు అనుకూలముగా ఉన్నదా అని అడుగుడు. లేదనినచో మరల మార్చుడు. ఈ విషయమున వారి మాటయే చివరి మాట.

ఈ పాఠమును ఒక్క ముక్కలో జ్ఞాపకముంచుకొనదలచువారికి: మూల వస్తువునకు, వెలుతురు మనిషికి. తమ ఇండ్లలో ఇంతకన్న మేలైన అమరిక చేసికొన్నవారు కొలతలతో సహా వ్రాసి పంపినచో తక్కిన కుటుంబములకును ఉపకరించును.