విజ్, గూగుల్, హైదరాబాద్: క్లౌడ్ భద్రత

క్లౌడ్ భద్రత: అద్దె సర్వర్లలోని డేటా, అప్లికేషన్ల రక్షణ.

విజ్: క్లౌడ్ భద్రత కంపెనీ, స్థాపన 2020. సీఈఓ అసాఫ్ రాపపోర్ట్. 18 నెలల్లోనే వార్షిక ఆదాయం 10 కోట్ల డాలర్ల స్థాయికి. 2024లో కొనుగోలుకు గూగుల్ ఇవ్వజూపినట్లు వార్తలొచ్చిన 2,300 కోట్ల డాలర్లకు విజ్ ఒప్పుకోలేదు. 2025 మార్చి 18న 3,200 కోట్ల డాలర్ల కొనుగోలు ఒప్పందం ప్రకటన. గూగుల్‌కు అప్పటికి ఇదే అతిపెద్ద కొనుగోలు. పరీక్షలో 2,300, 3,200 కోట్ల అంకెలను తారుమారు చేసి అడగొచ్చు.

గూగుల్ సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్, హైదరాబాద్: ప్రారంభం 2025 జూన్ 18, సీఎం రేవంత్ రెడ్డి. దేశంలో మొదటిది, ప్రపంచంలో నాలుగోది (మిగతావి డబ్లిన్, మ్యూనిక్, మలగా). గ్రూప్స్ పరీక్షల అభ్యర్థులకు ఇది తెలంగాణ కరెంట్ అఫైర్స్ కూడా.

సెర్ట్-ఇన్: సైబర్ ఘటనలపై స్పందించే జాతీయ సంస్థ; ఆధారం ఐటీ చట్టం, సెక్షన్ 70బి. 2022 ఏప్రిల్ 28 ఆదేశాలు: సైబర్ ఘటనను 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. సెక్షన్ 70ఎ వేరు, అది కీలక సమాచార వ్యవస్థల రక్షణకు సంబంధించినది.