గుడ్లు ఎందుకు పిల్లలు కాలేదు?

కరెంటు పెట్టెలో పన్నెండు గుడ్లు పొదగేస్తే నాలుగే పిల్లలయ్యాయి. మిగతావి మురిగాయి. అమ్ముకున్నా అక్కరకొచ్చే గుడ్లవి. తప్పు ఎక్కడ జరిగింది?

పుంజుతో కలవని పెట్ట గుడ్డు పిల్ల కాదు. వారం దాటి నిలవున్న గుడ్డు, నెల్లూరు తీరపు మండుటెండ తగిలిన గుడ్డు పనికిరావు.

ఫ్యానున్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీలుండాలి. గిన్నెలో నీళ్లుండాలి. తడి తగ్గితే పిల్ల పెంకులోనే అతుక్కుని చచ్చిపోతుంది. కరెంటు పోతే మూత తీయకండి.

గుడ్డుకు ఒకవైపు అ, రెండోవైపు క అని పెన్సిలుతో రాయండి. పొద్దున అ పైకుంటే, మధ్యాహ్నం క పైకి రావాలి. రోజుకు మూడుసార్లు తిప్పండి. 18వ రోజు నుంచి తిప్పొద్దు.

ఏడో రాత్రి టార్చిలైటుతో చూడండి. ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టే.

21వ రోజుకు పిల్ల పెంకు పొడుస్తుంది. తొందరపడి ఒలవొద్దు. రక్తం కారి చస్తుంది.