ఎర్రగీత

కారు నడిపేవారి ఎదుట ఉండే పలకపై సాధారణంగా రెండు ముళ్లు కనిపిస్తాయి. ఒకటి బండి వేగాన్ని తెలుపుతుంది. రెండవది ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో సూచిస్తుంది. ఈ రెండవ ముల్లు తిరిగే వలయం చివర ఒక ఎర్రగీత ఉంటుంది. ఇంజను ఆ గీతను దాటి తిరగరాదని దాని అర్థం. అయితే ఆ గీత అన్ని కార్లలోనూ ఒకే అంకె వద్ద ఉండదు. డీజిల్ కార్లలో అది సాధారణంగా 5,000 దరిదాపుల్లో ఉంటుంది. 1999లో వెలువడిన హోండా ఎస్2000 కారులో 9,000 దగ్గర ఉండేది. 2009లో ఫార్ములా వన్ పందెపు కార్లకు నియమావళి విధించిన హద్దు 18,000. ఈ తారతమ్యానికి కారణమేమిటి?

సిలిండరులో పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. ఇంజను ఒక్క చుట్టు తిరిగేలోగా అది రెండుసార్లు ఆగి, దిశ మార్చుకొంటుంది. పరుగెత్తే వస్తువును ఆపి వెనుకకు మరల్చాలంటే బలం కావాలి. ఆ బలాన్ని భరించేది పిస్టన్‌కు ఆధారమైన కనెక్టింగ్ రాడ్. చుట్ల సంఖ్య రెండింతలైతే దానిపై పడే జడత్వబలం నాలుగింతలవుతుంది. పిస్టన్ బరువు, అది కదిలే దూరం పెరిగినకొద్దీ ఆ భారమూ పెరుగుతుంది.

హోండా ఇంజనులో పిస్టన్ కదిలే దూరం 84 మిల్లీమీటర్లు. 9,000 చుట్ల వద్ద, అనగా సెకనుకు 150 చుట్ల వద్ద, దాని సగటు వేగం సెకనుకు సుమారు 25 మీటర్లు. 2009 నాటి ఫార్ములా వన్ ఇంజనులో ఆ దూరం సుమారు 40 మిల్లీమీటర్లే. అందువల్ల సెకనుకు 300 చుట్లు తిరిగినా పిస్టన్ సగటు వేగం 24 మీటర్లకు మించదు. చుట్లలో రెండింతల భేదమున్నా పిస్టన్ల వేగం దాదాపు సమానమే. మరింత తరచుగా దిశ మార్చుకోవడం వల్ల కలిగే అదనపు భారాన్ని తట్టుకొనడానికి పందెపు ఇంజనులో పిస్టన్లను ఎంతో తేలికగా నిర్మిస్తారు.

వాల్వులదీ ఇదే సమస్య. వాటిని మూసే స్ప్రింగులు మితిమీరిన వేగాన్ని అందుకోలేవు. సకాలంలో మూసుకోని వాల్వును పిస్టన్ ఢీకొనవచ్చు. అందుకే 1986లో రెనో సంస్థ తన ఫార్ములా వన్ ఇంజనులో స్ప్రింగులకు బదులు ఒత్తిడితో కూడిన వాయువును ఉపయోగించింది.

డీజిల్ ఇంజను కథ వేరు. ఒకప్పుడు మారుతి స్విఫ్ట్‌లో అమర్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజనులో పిస్టన్ 82 మిల్లీమీటర్లు కదులుతుంది. హోండాకు ఇది రమారమి సమానమే. అయినా దాని గరిష్ఠశక్తి 4,000 చుట్ల వద్దనే లభిస్తుంది. సిలిండరులోకి చిమ్మిన డీజిల్ వేడిగాలితో కలిసి మండడానికి కొంత వ్యవధి కావాలి. చుట్లు పెరిగితే ఆ వ్యవధి చాలదు. పైగా అధిక పీడనాన్ని ఓర్చుకొనే భాగాలు బరువుగా ఉంటాయి.

నేటి కార్లలో చుట్లు హద్దు చేరగానే ఇంధనాన్ని నిలిపివేసే ఏర్పాటు ఉన్నది. కాని వేగంగా పోతూ పొరపాటున మరీ తక్కువ గేరు వేస్తే, చక్రాలే ఇంజనును గీత దాటించి తిప్పుతాయి. అప్పుడు ఇంధనం ఆగినా ప్రయోజనం లేదు. ఒక్క క్షణంలో ఇంజను ధ్వంసం కావచ్చు. యంత్రం ఎంతవరకు ఓర్వగలదో లెక్కించి గీత గీసినవాడు నిర్మాత. ఆ గీతను మన్నించవలసినవాడు చోదకుడు.