గాలిమర ఎంత దూరంలో ఉండాలి?

మన అనంతపురం సీమలో వాన తక్కువ. గాలి ఎక్కువ. అందుకే 1990లలోనే రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టారు. తర్వాత ఉరవకొండ, బెళుగుప్ప వైపు కూడా వచ్చాయి. వీటినే మనం ఫ్యాన్లు అంటాం.

గాలిమర పొగ లేకుండా కరెంటు ఇస్తుంది. అది మంచిదే. కానీ ఇంటి పక్కనే పెడితే? రాత్రి ఊరు సద్దుమణిగాక రెక్కల హోరు వినిపిస్తుంది. నిద్ర చెడుతుంది. పొద్దు వాలేటప్పుడు తిరిగే రెక్కల నీడ ఇంటి మీద పడుతూ పోతూ ఉంటుంది. పొలం ఇచ్చినవారికి డబ్బు వస్తుంది. చప్పుడు మాత్రం పక్కవాళ్లకూ వస్తుంది.

మరి ఎంత దూరం ఉండాలి? 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ ఇంటికైనా 500 మీటర్ల లోపల గాలిమర పెట్టరాదని అందులో ఉంది. 500 మీటర్లంటే అర కిలోమీటరు. 50 మీటర్ల తాడుతో పదిసార్లు కొలవాలి.

చప్పుడుకూ హద్దు ఉంది. చప్పుడును డెసిబెల్ లెక్కన కొలుస్తారు. 2000 నాటి నిబంధనల ప్రకారం, ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అది 45 డెసిబెళ్లు దాటరాదు.

దిమ్మె కట్టాక గాలిమరను పక్కకు జరపలేరు. అందుకే పునాది గుంత తవ్వకముందే అడగాలి. గ్రామసభలో మ్యాపు చూపించమందాం. మనమే కొలుద్దాం. దూరం తక్కువైతే కలెక్టరు గారికి అర్జీ పెడదాం. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

ఆలోచించండి, రాయండి:
1. మీ ఇంటికి దగ్గరి గాలిమర ఎన్ని మీటర్ల దూరంలో ఉంది?
2. గుంత తవ్వకముందే ఎందుకు అడగాలి?